మూడింటికి వచ్చే మగమనిషి

పరాయి మగాడా! మా ఇంట్లోనా! ఎంత మాటన్నావే తల్లీ!

అరవై తొమ్మిదేళ్లు నాకు. మోకాళ్లు రెండూ అరిగిపోయి మెట్లెక్కలేక చస్తున్నాను. ఈ లూనెన్‌బర్గ్‌లో నేనిక్కడ తుమ్మితే మూడో వీధిలోవాళ్లు "జలుబు చేసిందా మర్టిల్?" అని ఫోన్ చేస్తారు. అలాంటి ఊళ్లో నేను రోజూ మధ్యాహ్నం మూడింటికి మగాణ్ణి రప్పించుకుంటానా?

ఏదీ, ఆ కాగితం ఇలా ఇవ్వు. కళ్లజోడు... ఆఁ. ఎర్ర గీతలు నావా? బాబోయ్, ఎన్నున్నాయే! నీలం గీతలు మా ఎల్వుడ్‌వి. మరి ఈ ఆకుపచ్చవి ఎవరివి? "గుర్తు తెలియని పురుషుడు. రోజుకి రెండొందల మాటలు."

నీ మొహం! మాటలు లెక్కపెట్టే మీ యంత్రానికి చెవుడు.

కూర్చో ముందు. నిలబడి అడిగితే పోలీసులా ఉన్నావు. అల్లం కేకు తిను, టీ పోస్తాను. ఎల్వుడ్ లేడు. పక్కింటి కర్టిస్ పడవకి రంగేస్తుంటే సాయానికి రేవుకెళ్లాడు. మంచిదే అయింది, ఆయన వచ్చేలోగా నాలుగు మాటలు మాట్లాడుకోవచ్చు.

ఏవిటీ? పన్నెండు రోజులుగా యంత్రం నుంచి ఉలుకూ పలుకూ లేదా? ఆఁ, ఉండదు. అదీ చెప్తాను. మీ ప్రొఫెసరమ్మకి మాత్రం... సర్లే, చెప్పు. ఎలాగూ చెప్తావు.

నీకు తెలిసిందే అయినా మొదట్నుంచీ చెప్తాను థియా. లేకపోతే నాకు దారి దొరకదు.

పోయిన అక్టోబరు. ఆయన ఇదే బల్ల దగ్గర కూర్చుని పులవబెట్టడానికి క్యాబేజీ తరుగుతున్నాడు. ముప్ఫై ఎనిమిదేళ్లు సముద్రం మీద పడవ ఎటూగుతున్నా కత్తితో ఆల్చిప్పలు ఒలిచిన చెయ్యి అది. అలాంటి చేతిలోంచి కత్తి జారి కింద పడింది. "ఏవిటా పరధ్యానం?" అని తిట్టాను. తిట్టానే తల్లీ! తిరిగి చూస్తే మూతి ఒక పక్కకి జారిపోయుంది.

పక్షవాతం. తర్వాత కాలు వచ్చింది. చెయ్యి వచ్చింది. మాట రాలేదు. లోపల అన్నీ ఉన్నాయిట, మనం చెప్పేది అర్థమవుతుందిట, బయటికొచ్చే దారే మూసుకుపోయిందిట. ఒక్క మాట మాత్రం ఎలాగో తప్పించుకుని బయట పడింది. "మంగళవారం."

టీ కావాలా? మంగళవారం. నొప్పిగా ఉందా? మంగళవారం. కోపమొస్తే బల్ల గుద్ది మరీ మంగళవారం! ఆస్పత్రిలో డాక్టరు "ఈ రోజు ఏ వారం ఎల్వుడ్?" అనడిగాడు. "మంగళవారం" అన్నాడు. మా ఖర్మకొద్దీ ఆ రోజు నిజంగానే మంగళవారం! డాక్టరు "భేష్" అని రాసుకుని వెళ్లిపోతుంటే నేను వెనకాల పరిగెత్తాను, "రేపు కూడా అడగండి డాక్టరుగారూ!" అని.

తర్వాత మీ పరిశోధన. ఆ అగ్గిపెట్టెంత యంత్రం ఆయన చొక్కా జేబులో వేశారు. ఇంట్లో ఎవరు ఎంత మాట్లాడుతున్నారో అది లెక్కపెట్టి దానంతటదే హాలిఫాక్స్‌లో మీ ఆఫీసుకి పంపేస్తుందన్నారు. సరే, బాగానే ఉంది. మొదటి వారం కాగితం తెచ్చి నువ్వు నా ముందు పెట్టలేదూ? నేను రోజుకి ముప్ఫై ఒక్క వేల మాటలు! ఆయన డెబ్బై. ఆ డెబ్బైకి డెబ్బై మంగళవారాలే.

"మీరు ప్రశ్న వేసి జవాబు కూడా మీరే చెప్పేస్తున్నారు మర్టిల్ ఆంటీ" అన్నావు. ఎంత మెత్తగా అన్నావంటే, నాకు కోపం రావడానికి రెండు రోజులు పట్టింది.

అడిగి పది లెక్కపెట్టమన్నావు. పది! నాలుగు దగ్గరికొచ్చేసరికి గొంతులో కప్ప గెంతుతుంది నాకు. నోట్లో పిప్పరమెంటు పెట్టుకున్నాను, కొరికేశాను. నీళ్లు పుక్కిట పట్టాను, మింగి మరీ మాట్లాడాను. చివరికి లెక్కపెట్టడం వచ్చింది కదా అని సంబరపడితే, పైకే లెక్కపెడుతున్నానుట! ఆ వారం నా మాటలు ముప్ఫై నాలుగు వేలు.

నవ్వు. నవ్వు. నీకేం!

అయిదో వారంలో మీ ప్రొఫెసరమ్మ ఫోన్ చేసింది. ఆరో వారానికి కూడా ఎల్వుడ్ మాటలు పెరక్కపోతే ఈ పద్ధతి ఆయనకి పనికిరానట్టేననీ, ఆయన చోటు వేరేవాళ్లకి ఇస్తామనీ చెప్పింది. ఆవిడ నెమ్మదిగానే చెప్పింది. నాకు మాత్రం ఇల్లంతా గిర్రున తిరిగింది. మంగళవారంతోనే ఆయన్ని సాగనంపాలా? నా నోటి మూలంగానా?

అదుగో, అప్పుడే ఆ మగాడు వచ్చాడు.

ఎవరేవిటే? నేనే!

మూడింటికి ఆయన కునుకు తీస్తాడు. చొక్కా కుర్చీకి వేలాడుతుంటుంది. యంత్రం తీసుకుని సామాన్ల గదిలోకెళ్లి తలుపేసుకున్నాను. గొంతు ఇలా లోపలికి పట్టి... "మర్టిల్, బంగాళాదుంపలు బాగున్నాయి." దగ్గొచ్చింది. మళ్లీ అన్నాను. "మర్టిల్, గాలి మారింది." మొదట్లో అలాంటివే. తర్వాత తర్వాత... ఏం చెప్పను, అలవాటైపోయింది. "మర్టిల్, ఆ నీలం గౌను నీకు బాగుంటుంది." "మర్టిల్, మీ అమ్మ విషయంలో తప్పు నాదే." నలభై నాలుగేళ్ల కాపురంలో ఆ మనిషి ఒక్కసారీ అనలేదవి. ఊరగాయ జాడీల మధ్య కూర్చుని నాకు నేనే అనిపించుకున్నాను. ఓ రోజు సిగ్గేసి బయటికొచ్చేశాను కూడా.

మీ యంత్రం మనుషుల్ని గొంతుని బట్టి పోల్చుకుంటుందని నాకేం తెలుసు? ముందే చెప్పొద్దూ!

మాటలు కూడా దాచిపెట్టిందా అది? విన్నారా? మొత్తం? మీ ఆఫీసులో అందరూనా? "మర్టిల్, నీ నడుము" అన్నది కూడానా?

అయిపోయింది. నేను ఇంక హాలిఫాక్స్ మొహం చూడను.

సరే, ఇంక ఆ పన్నెండు రోజుల సంగతి విను. అసలు కథ అదీ. ఎడ్ల పందేలకి వెళ్లానా, మా తమ్ముడి జత బ్రైట్, లయన్ ఉన్నాయి చూడు, బండ లాగే చోట మొండికేశాయి. "లాగరా నాన్నా! లాగు!" అని అరిచానరిచాను... అవి లాగాయి, గెలిచాయి కూడా. నా గొంతు మాత్రం అక్కడే ఉండిపోయింది. అయిదు రోజుల్లోపు నోరు విప్పితే గొంతు శాశ్వతంగా పోతుందని డాక్టరు బెదిరించాడు.

గొంతు లేకపోతే దొంగ మాటలెలా చెప్పను? విసుగొచ్చి యంత్రం కట్టేసి పిండి డబ్బాలో పడేశాను.

మర్నాడు భోజనానికి కూర్చున్నాం. చేప వడలు. ఇంట్లో గోడ గడియారం చప్పుడు కూడా వినిపిస్తోంది. అది ఇంత గట్టిగా కొట్టుకుంటుందని నాకు ఆ రోజే తెలిసింది. ఆయన ఒక ముక్క తిన్నాడు. నా వంక చూశాడు. నోరు తెరిచాడు, మూశాడు. చాలాసేపు. ఇంక మంగళవారం వస్తుందని నేను తయారుగా ఉన్నాను.

"ఉప్పు" అన్నాడు.

ఊపిరి బిగబట్టాను.

"ఉప్పు... లేదు."

పదకొండు నెలల తర్వాత మొదటి మాట, అదీ నా వంటకి వంక! ఏడుపు ఆగలేదే నాకు. గొంతే లేదాయె, వట్టి గాలి వస్తోంది. ఆయన నా చెయ్యి పట్టుకుని, "ఏడ... ఏడవకు. మంగళవారం" అన్నాడు.

మూడో రోజు మా ఆడపడుచు మేబెల్ ఫోన్ చేసింది. నేను ఎత్తలేను కదా, ఆయనే ఎత్తాడు. ఒక్కో మాటా బావిలోంచి తోడుతున్నట్టు తోడాడు. "మర్టిల్... గొంతు... పోయింది." ఆగాడు. నేను చూస్తున్నానో లేదో చూసుకున్నాడు. "దేవుడు... ఉన్నాడు."

చీపురుతో కొట్టాను. నిజంగానే కొట్టాను. వెధవ, ఎంత నవ్వాడో! కర్టిస్ వచ్చి నా ఆరోగ్యం అడిగితే, నా తరఫున జవాబు కూడా ఆయనే. "ఈవిడ... అంటోంది... నేను... అందగాణ్ణి." నేను తల అడ్డంగా ఊపుతున్నా లాభం లేదు. నాకు నోరేదీ!

అయిదో రోజు వీటన్నిటిలాంటిది కాదు. పొయ్యి మీద బంగాళాదుంపలు పెట్టాను. ఆయన ఈ కుర్చీలోనే. "కత్తి" అన్నాడు. నేను కత్తి తెచ్చిచ్చాను. వద్దని చెయ్యూపాడు. "కత్తి... పడ్డప్పుడు..." అన్నాడు. నీళ్లు మరిగాయి. "నాకు..." అన్నాడు. దుంపలు ఉడికాయి, పొంగాయి, నేను లేవలేదు. "నాకు... భయం... వేసింది. నిన్ను... పిలుద్దామంటే... రాలేదు."

అంతే.

నా నోరు ఉండుంటే ఏం చేసేదాన్నో తెలుసా? "కత్తి" అనగానే "రొట్టె కొయ్యాలా?" అనేదాన్ని. కోసి ప్లేట్లో పెట్టేదాన్ని. ఆయన తినేసేవాడు, పాపం. ఇన్ని నెలలూ అలా ఎన్ని తినేశాడో!

అందుకని...

ఆ అదే. పట్టేశావు. నువ్వు తెలివైనదానివే. నీతో గంట నుంచి వాగుతున్నాను కదా మరి!

గొంతు ఆరో రోజునే వచ్చేసింది థియా. పొద్దున్నే పెరట్లో పిల్లిని అదిలించబోతే ఖంగుమని పలికింది. అప్పట్నుంచీ ఇంట్లో మూగదాన్నే. ఆయన ముందు పలక మీద రాస్తున్నాను. డాక్టరు ఇంకా వద్దన్నాడని రాశాను, పచ్చి అబద్ధం. ఆయన రేవుకెళ్తే చాలు, సామాన్ల గదిలోకెళ్లి పావుగంట వాగి బయటికొస్తాను. అదే నా ప్రాణానికి ఊరట.

ఆకుపచ్చవాణ్ణి కొట్టెయ్యండి. నన్ను తీసెయ్యండి, మోసగత్తె అని రాసుకోండి. ఆయన్ని మాత్రం ఉంచండి. యంత్రం ఇదుగో, పిండి దులిపాను. ఇప్పుడు ఆయన జేబులో వేసి చూడండి, తెలుస్తుంది.

తప్పేలే. నలభై నాలుగేళ్లు కాపురం చేసిన మొగుడి దగ్గర ఇలా నాటకమాడటం తప్పు కాక మరేవిటి? నిజం చెప్పొచ్చుగా అంటావు. నిజం చెప్పాలంటే నోరు తెరవాలి. తెరిస్తే మూయడం నాకు రాదు. పుట్టుక అలాంటిది, ఏం చెయ్యమంటావు!

అదుగో, కర్టిస్ బండి ఆగింది. వచ్చేస్తున్నాడు. టీ తాగు, చల్లారిపోతోంది. ఆయన్ని నువ్వే పలకరించు.

ష్.