పదిహేడో ఆట

హలో… ఆ, నేనే, ఎవర్ట్‌ని. చెప్పు చాలింగ్.

…మ్యాచ్ అయిపోయిందా? నలభై ఆటలూనా? ఎంతెంత?

…ఇరవై, ఇరవై! సమానమైతే పోయినేడు గెలిచినవాడిదేగా మొదటి స్థానం? అంటే మళ్ళీ ఆ రూలోఫ్ గాడి ప్రోగ్రాందే!

వారం రోజులు నీ అటక మీద రెండు కంప్యూటర్లు తీగ తగిలించుకుని వాటంతటవే చదరంగం ఆడితే, తేలింది ఇదా?

…ఏంటీ, ఓ ఆట మధ్యలో ఆగిపోయిందా? పదిహేడోది? …నా టైమ్ అయిపోయిందని నాది ఓడినట్టు రాశావా!

వాడి పనే ఇది. ఓడేటప్పుడు మొరాయించేలా రాసుంటాడు.

…కడుపుమంటా? అవును, మంటే! ఏడేళ్ళుగా మన చదరంగం పత్రికలో ప్రోగ్రాంల పట్టీకి పైన వాడి పేరే. మా ఇంటికొచ్చి, నా కాఫీ తాగుతూ, నా ప్రోగ్రాంని "పాపం, బాగానే ఆడుతోంది" అంటాడు. పాపమట!

…సరే, అరవను. చెప్పు.

…నా బంటు చివరి గడికి చేరింది. ఊఁ. ఏ గడి నుంచి ఏ గడికో తప్ప, ఏ పావుగా మారిందో తీగ చెప్పదా? అవతలిది మంత్రే అనుకుని పెట్టేసుకుంటుందా? మరి నాది?

…గుర్రమా! అంత బలమైన మంత్రిని కాదని గుర్రాన్ని తీసుకుందా?

…రాజుకి చెక్కు కూడానా… నాలుగెత్తుల్లో ఆట కట్టా…

ఇవతల గుర్రం, అవతల మంత్రి. చెక్కు చూసుకోకుండా అది వేసిన ఎత్తు నాది ఒప్పుకోక ఆగిపోయింది, నా టైమ్ కరిగిపోయింది. ఇంక ఎలా ఆడతాయి, పాపం!

ఎవరు కనిపెట్టారు? నువ్వేనా?

…రూలోఫా?

…కాలువలు గడ్డకట్టే చలిలో, కోటేసుకుని, నీ అటక మీద కూర్చుని చూశాడా? …వాడే చెప్పాడా, ఈ ఆట ఎవర్ట్‌దని?

…లేదు, సంతోషమే. ఇరవై ఒకటి, పంతొమ్మిది… మొదటి స్థానం నాదేగా. నా గొంతే ఇంత.

పదేళ్ళు కష్టపడి రాశాను చాలింగ్. జన్మకో ఎత్తు వేస్తే, చూసింది వాడా? నేనేమో ఇంట్లో బఠాణీ సూపు తాగి పడుకున్నాను!

…వాటంతటవే ఆడుతుంటే ఎవడు కూర్చుంటాడు? …అవును, వాడు కూర్చున్నాడు.

ఆ ఆట ఎత్తులు రాసిన కాగితం నాకివ్వు. వాడికివ్వకు.

…ఇచ్చేశావా?

…ఫ్రేమ్ కట్టించాడా? నా ఆటకా?

ఇక పెట్టేయ్. వాడికి ఫోన్ చెయ్యాలి. …తిట్టడానికే!

…ఆ బంటు గుర్రమైనప్పుడు ఎలా ఉందో నాకు చెప్పాలిగా వాడు. చూసింది వాడొక్కడే.