పూరకం లేని వాక్యం

తల్లి, మాయమైన పిల్లల కోసం తోటి తల్లులతో ప్రతి ఆదివారం చేసే వెతుకులాట నుంచి వచ్చి, పెరట్లో ఇనపచువ్వ కడుగుతోంది. గడప మీద కూతురు మర్నాటి పరీక్షకు ఇంగ్లీషు చదువుతోంది. అది గట్టెక్కితే విదేశీయులు వచ్చే మసట్లాన్ ఊళ్ళో హోటల్ ఉద్యోగం.

"అమ్మా, అన్నయ్య పేరు పెట్టి 'ఎఫ్రెన్ ఈజ్' అని ఆపేస్తే వాక్యం కాదట. ఎవరో, ఎలా ఉన్నాడో చెప్పే మాట ఉండాలట. దాన్ని పూరకం అంటారు."

"మెకానిక్ అని రాయి."

"రాశాను. ఇంకోటి కావాలి, ఎలా ఉన్నాడో చెప్పేది."

"పొడుగు అని రాయి. వెధవ, ఈ గుమ్మానికి ఎన్నిసార్లు తల కొట్టుకున్నాడో!"

కూతురు నవ్వి, రాసుకుంది.

"ఇవాళ ఎక్కడ వెతికారు?"

"చెరుకుతోటల అవతల. చువ్వ మట్టిలోకి దింపడం, కింద ఎవరినైనా పూడ్చారేమోనని పైకి తీసి మొన వాసన చూడటం. ప్రతివారం ఉండేదేగా."

"మరి ఆ చువ్వ ఇంతసేపు కడుగుతున్నావేంటి?"

తల్లి కుళాయి కట్టేసింది. పరీక్ష అయ్యాక చెబుదామనుకుంది. ఇక ఆగలేకపోయింది.

"ఒకచోట వాసన వచ్చింది. తవ్వాం."

"ఎవరమ్మా?"

"గళ్ళచొక్కా. జేబుకి నల్లదారం."

"నల్లదారంతో చాలామంది కుడతారు."

"నా కుట్టు నాకు తెలీదా తల్లీ?"

కూతురు పుస్తకం మూసేసింది.

"నీతో వచ్చినవాళ్ళు ఏమన్నారు?"

"ఒక్కొక్కరే వచ్చి కావలించుకున్నారు. వాళ్ళ పిల్లలు ఇంకా దొరకలేదుగా. అదృష్టవంతురాలివి అన్నారు."