ఊరికే నిలబడే గొట్టం

"ఆరేళ్ళుగా పొంగని తొట్టి ఇక పొంగదు, మేస్త్రీ. కొత్తదానికీ ఒకటే రంధ్రం, ఒకటే గొట్టం. గీత గీసి పెట్టాను చూడు, అక్కడ."

ముందు గదిలో రెండు చేపల తొట్లు: పాతది నిండుగా, కొత్తది ఖాళీగా. భర్త, భార్య, గాజుకు రంధ్రం వెయ్యడానికి వచ్చిన మేస్త్రీ. గుమ్మం దగ్గర ఒక ప్రయాణపు పెట్టె.

"అమ్మగారు ఫోన్లో రెండన్నారు సార్."

"అమ్మగారు నాలుగింటికి కారెక్కుతున్నారు. బదిలీ. ఇక చేపలతో ఉండేది నేను."

"అందుకే రెండన్నాను."

"విన్నావా! ఆ రెండోది ఏం చేస్తుందో తెలుసా మేస్త్రీ? ఏమీ చెయ్యదు. నీళ్ళకి వేలెడు పైన నోరు తెరుచుకుని ఊరికే నిలబడుతుంది."

"మొదటిది మూసుకుపోయిన రోజున నీళ్ళు అందులోంచి దిగుతాయి సార్. అది లేదనుకోండి, బల్ల కిందుండే చిన్న తొట్టిలో నీళ్ళని మోటారు పైకి తోస్తూనే ఉంటుంది, దిగడానికి దారుండదు. ఇల్లంతా..."

"మూసుకుపోతే కదా! ఆరేళ్ళు. ఒక్క చుక్క కింద పడిందేమో ఈవిడనే అడుగు."

"పడలేదు."

"అదీ. డిజైను సరిగ్గా ఉంటే కాపలా అక్కర్లేదు."

"ఆలోచించుకోండి సార్. తర్వాత ఇంకోటి కావాలంటే తొట్టి ఖాళీ చెయ్యాలి, చేపల్ని బకెట్లో పెట్టాలి."

"అక్కర్లేదంటున్నాగా. ఈవిడకి అన్నీ రెండుండాలి. రెండు తాళాలు, రెండు గొడుగులు. మొన్న ఆదివారం ఏమడిగిందో తెలుసా? తను వెళ్ళిపోతే ఇల్లెలా నడుస్తుందట!"

"మీరేమన్నారో అదీ చెప్పండి."

"నడుస్తుందన్నాను. తప్పా? మోటారుంది, గొట్టముంది. నువ్వు లేకపోతే నీళ్ళు పారవా? అయినా వారం వారం వస్తావుగా."

"మేస్త్రీ గారికి ఆ స్టూలు ఇలా ఇవ్వండి."

"వస్తావుగా?"

"స్టూలు."

"సార్, పాతదాంట్లో నీళ్ళు ఎప్పుడూ ఇంత పైకే ఉంటాయా? అంచుకి దారమంత సందు కూడా లేదు."

"ఈవిడ ఎక్కువ పోసుంటుంది."

"పొయ్యలేదు. మేస్త్రీ గారూ, నీళ్ళు ఆ మూల గొట్టంలోకి దిగేచోట దువ్వెన పళ్ళలాంటి పట్టీ ఉంది, చూశారా?"

"చూస్తున్నానమ్మా. సందులన్నీ పాచి పట్టేశాయే! ఆకు ముక్కలు కూడా. దీన్ని రోజూ కడగాలి కదమ్మా?"

"రోజూ కడగాలి."

"ఎవరు కడుగుతారు సార్?"

"కడగడమేంటి? అది దానంతటదే... ఏయ్, ఆ పెట్టె జరుపు, కింద తడిగా ఉంది. ఎవరు ఒలకబోశారు?"

"ఎవరూ పొయ్యలేదు. టైమెంతయింది?"

"మూడు నలభై. అయ్యయ్యో, అంచు మీంచి కారుతోంది! మోటారు ఆపు!"

"మీరే ఆపండి."

"స్విచ్చెక్కడ?"

"ఆరేళ్ళు, మేస్త్రీ గారూ. విన్నారుగా."

"నేను ఆపేశానమ్మా. బల్ల వెనకాల ఉంది సార్ స్విచ్చు."

"కావాలనే చేశావు నువ్వు."

"నేనేమీ చెయ్యలేదు. మంగళవారం నుంచి ఏమీ చెయ్యలేదు. అంతకుముందు రోజూ పొద్దున ఐదున్నరకి, మీరు లేవకముందు, పాత బ్రష్షుతో."

"నోరు తెరిచి చెప్పొచ్చుగా!"

"మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ పేపరు దించకుండానే ఊఁ అన్నారు."

"సరే. సరే, మేస్త్రీ, రెండు వెయ్యి. గెలిచావు, చాలా? ఇక ఆ పెట్టె లోపల పెట్టు. సోమవారం నేనే మీ ఆఫీసుకొచ్చి పెద్దసారుతో మాట్లాడతాను. అంత ఆఫీసులో బదిలీకి నువ్వే దొరికావా వాళ్ళకి?"

"మేస్త్రీ గారూ, రెండో గొట్టం నోటికి జల్లెడ పెట్టకండి. అదీ మూసుకుపోతుంది."

"అలాగేనమ్మా."

"నీతోనే మాట్లాడుతున్నాను. బదిలీ సంగతి."

"మంగళవారం పొద్దున ఐదున్నరకి కడగడం ఆపాను. శుక్రవారం మధ్యాహ్నం మూడు నలభైకి పొంగింది. బదిలీకి అర్జీ పెట్టుకున్నది నేనే. మూడు నెలలైంది."