అచ్చియ్యమ్మ గారి కొట్టుగదిలో బూజు

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త గంగాలు. ఆమెకి చెప్పింది సున్నం కొట్టే నూకాలు, అంటే ఆ ఇంట్లో పని చేసిన మనిషే. అంచేత ఇందులో నేను కల్పించింది ఒక్క ముక్క లేదు. వరాలని ఒక పిల్ల అంట. మాఘమాసంలో పెళ్ళయి అచ్చియ్యమ్మ గారింటికి కోడలుగా వచ్చింది. వేసంగిలో అత్తగారు ఆరు జాడీల ఊరగాయ పెట్టి కొట్టుగదిలో సర్దింది. శ్రావణం వచ్చేసరికి ఏమైందంటే, గది వెనక గోడ మీద నల్లమచ్చలు దిగినాయి. పెట్టెలో పట్టుచీరల మీద తెల్లటి నూగు. తలుపు తీస్తే తడిసిన గోనె వాసన. ఒక జాడీ మూత తీస్తే ఆవకాయ మీద ఇంత మందాన బూజు. పారబోశారు. రెండోది తీశారు, అదీ అంతే. మూడోది తీసేసరికి అచ్చియ్యమ్మ మూత అక్కడే పడేసి, ఏమే, ముట్టున్న రోజుల్లో నా జాడీలు ముట్టుకున్నావా, అందంట. లేదత్తా, మా అమ్మ మీద ఒట్టు, నేను ఆ గడపే తొక్కలేదు అంటాది పిల్ల. తొక్కకపోతే నీ నీడ పడుంటాది, పాతికేళ్ళుగా ఈ గదిలో నా ఊరగాయకి మచ్చ లేదు, నువ్వొచ్చాకే కదే ఇదంతా, నీది బూజు చెయ్యి! విన్నారా? బూజు చెయ్యంట! గోడకి పట్టే జబ్బు మనిషి చేతికి అంటగట్టింది ఆ మహాతల్లి. కట్టుకున్నవాడు, తాతబ్బాయని, పక్కనే నిలబడి చుట్ట వెలిగించుకున్నాడంట. అంతే.

ఇంక చూడు ఆ పిల్ల బతుకు. వంటింట్లోకి రాకు, ఉప్పు ముట్టుకోకు, పెరుగుకుండ వైపు చూడకు. నూతి కాడ ఆ పిల్ల చేద పట్టుకుంటే మిగతా ఆడాళ్ళు కడుక్కుని మరీ తోడుకునేవారంట. ఇంట్లో ఏం చేశారనుకున్నారు? మైల పోవాలని రోజూ పొద్దున్నే ఆ గదిని పేడనీళ్ళతో అలికి, తలుపేసి గొళ్ళెం పెట్టేవారు. రోజూ! తడి మీద తడి, గాలాడదు, వెలుతురు లేదు. బూజుని ఉయ్యాల్లో వేసి ఊపినట్టే అనుకో. మచ్చలు దూలం దాకా పాకినాయి. పాకినకొద్దీ వరాలుకి తిట్లు. ఆఖరికి అచ్చియ్యమ్మ కొడుకుని పిలిచి, దసరా వెళ్ళగానే దీన్ని పుట్టింట్లో దించేసి రా, మళ్ళీ తేవద్దు, అనీసింది. ఆ పిల్ల వెళ్ళాక ఇల్లు శుద్ధిగా ఉండాలని సున్నం కొట్టడానికి నూకాలుకి కబురెట్టింది.

నూకాలంటే మామూలు మనిషి కాదు. మా సున్నం పనోళ్ళలో ఆమె పూత పూసిన గోడ పదేళ్ళు పొడి రాలేది కాదు. వచ్చింది, గోడ మీద అరచెయ్యి ఆనించింది. పైన పొడి, మోకాలెత్తున చెమ్మ. గోటితో గీకితే పెళ్ళ ఊడొచ్చింది. నేను కొట్టను అమ్మగారూ, అందంట. ఏమే, కూలి చాలదా? కూలి కాదు, తడి గోడకి సున్నం కొడితే పది రోజుల్లో ఈ నలుపు మళ్ళీ పైకొస్తాది, అప్పుడు నా చెయ్యి కూడా బూజు చెయ్యేనంటారు. ఆ మాటకి వరాలు తలుపు చాటున ఏడ్చేసిందంట. నూకాలు గోడ చుట్టూ తిరిగి పెరట్లోకెళ్ళింది. చూస్తే, ఆ గోడకానించి తాటాకు దడి, లోపల స్నానాల బండ. ఇది ఎప్పుడు కట్టారమ్మా? కోడలొచ్చాకేనే, కొత్త పిల్ల బయట ఎక్కడ పోసుకుంటాది నీళ్ళు? మరి గోడకి గాలికన్నం ఉండాలే? దడిలోకి కనపడతాదని మట్టి పెట్టి నేనే మూశాను. ఈ నీళ్ళు ఎటు పోతన్నాయి? ఎటో పోతాయి, నీకెందుకే? ఎటో కాదమ్మా, మీ గోడ తాగుతోంది, అందంట నూకాలు. పిల్ల వచ్చాక బూజొచ్చిన మాట నిజమే. పిల్ల తేలేదు, మీరు కట్టిన దడి తెచ్చింది.

అచ్చియ్యమ్మ ఒప్పుకుంటాదా? ఒప్పుకోదు. నువ్వు నాకు చెప్పేదానివా, అని ఎగిరింది. అయితే ఒక పని చెయ్యండి, నిమ్మకాయ పెట్టి సగం మీ చేత్తో జాడీకెత్తి వాసెన కట్టి ఈ గదిలోనే పెట్టండి, మిగతా సగం పిల్ల చేత ఎత్తించి పశువుల పాకలో అటక మీద పెట్టండి, పిల్ల ఎత్తినదానికే బూజు పడితే నేనే బండెక్కించి దించొస్తాను, అంది నూకాలు. పాకలో ఊరగాయ పెడతారటే! పేడకంపులో! పాకలో గాలాడతాదమ్మా, మీ గదిలో ఆడదు. సరే చూద్దాం, దీని సంగతి ఊరందరికీ తెలుస్తాది, అని పెట్టించింది. ఇరవయ్యొక్క రోజులు గడువు. వానలా, విడవలేదు. గడువు తీరాక ముందు గదిలో జాడీ విప్పారు. వాసెన గుడ్డే పచ్చగా మెత్తబడిపోయింది, లోపల నిమ్మకాయ మీద బూజు జుట్టులా లేచింది. అచ్చియ్యమ్మ సొంత చెయ్యి! తర్వాత పాకలోది దించారు. ఎర్రగా, నూనె తేలి, మూత తియ్యగానే తాతబ్బాయికి నోరూరిందంట. అప్పుడు మటుకు నోరు పనిచేసింది చూడు వాడికి.

అప్పుడన్నా కోడలి చెయ్యి పట్టుకుని తప్పయిందే తల్లీ అనాలా వద్దా? అచ్చియ్యమ్మ ఏమందో తెలుసా? పాకలో ఆవుంది కదా, గోమాత మహిమ, అందంట! వినండర్రా, వినండి. ఆవుకి ఇచ్చింది పేరు, మనిషికి ఇవ్వలేదు. నూకాలు పనిలో దిగింది. దడి పీకించి పెరటి చివరికి మార్పించింది, నీళ్ళు పోడానికి కాలవ తీయించింది. గాలికన్నం పొడిచి తెరిచింది. అలకడం మాన్పించింది. జాడీలు గోడకి జానెడు దూరంగా చెక్కబల్ల ఎక్కించింది. మూతికి తడిగుడ్డ కట్టుకుని మచ్చలు గీకి, ఆ పెళ్ళలు ఊరవతల పాతేసింది. వాన తెరిపిచ్చాక కుంపటి పెట్టి గది ఆరబెట్టి, గోడ మీద కొడితే ఖణేల్మన్నాకే సున్నం పూసింది. బూజు మళ్ళీ రాలేదు. వరాలూ పుట్టింటికి పోలేదు, ఆ ఇంట్లోనే నలుగురు పిల్లల్ని పెంచి కన్నుమూసింది.

అయినా మా ఊళ్ళో ఈరోజుకీ పచ్చడి మీద తెల్లగా కనపడితే, వరాలు చెయ్యి పడిందే, అని నవ్వుతారు. మొన్న నా మనవరాలే అంది, ఆ పూట నేను అన్నం తినలేదు. నూకాలు పేరు ఒక్కళ్ళకీ తెలీదు. రాసుకుంటున్న బాబూ, నాకు చదువు కూడబలుక్కునేంతే వచ్చు, నీ పుస్తకంలో అన్నీ చూళ్ళేను. ఆ రెండు పేర్లు మటుకు పెద్దక్షరాలు పెట్టు, వేలు పెట్టి వెతుక్కుంటాను. వరాలు చేతిలో ఏ దోషమూ లేదని రాయి. గోడ జబ్బు కనిపెట్టింది నూకాలని రాయి. మా ఊరి బడిలో పంతులు గారెవరైనా చదివితే పిల్లల చేత ఆ వరాలు చెయ్యి మాట మాన్పించమని, అది కూడా రాయి.