క్వారీ అడుగున ఫోను

2024 జూలై తొమ్మిది, మంగళవారం, మధ్యాహ్నం మూడు గంటలు. జగ్గయ్యపేట శివారు సున్నపురాయి క్వారీ ఆఫీసు. హాజరైనవారు: మేనేజరు వెంకటరత్నం, కొత్త ఇంటర్‌కామ్ ప్లాను వేయడానికి నందిగామ నుంచి వచ్చిన గీతాంజలి, రాయి పేల్చే బ్లాస్టరు ప్రేమానందం.

"...అక్కడ ఫోనే లేదండీ వెంకటరత్నంగారూ. క్వారీ అడుగంతా తిరిగొచ్చా. సెల్ సిగ్నల్ కూడా లేదు. కొత్త ప్లానులో అక్కడొకటి ఉండి తీరాలి."

"పెట్టండమ్మా, వద్దన్నానా? కొత్తదని రాయొద్దంటున్నా. పాతది మార్చామని రాయండి."

"లేనిదాన్ని మార్చడమేంటండీ?"

"ఉండేది. మొన్న పాడైతే తీయించాం."

"ఎప్పుడుంది సార్? పదేళ్ల నుంచి పేలుస్తున్నా, నేనెప్పుడూ చూళ్లేదే!"

"ప్రేమానందం, నిన్నడిగానా? కూర్చో."

"కూర్చోనండి. నేను పేల్చినప్పుడే డ్రిల్లరు ఏలీయా కాలు పోయింది కింద. పేల్చేముందు అడుగున ఎవరన్నా ఉండిపోయారా అని అడగడానికి ఫోనుంటే అడిగేవాణ్ణి కాదా? ఈల వేశా, ఎర్రజెండా ఊపా, సైరన్ మోగించా. డ్రిల్లు మోతలో వాడికి వినబళ్లా."

"అది విచారణలో చెప్పుకో."

"చెప్తే మీరు ఫోనుందంటారుగా! ఉండి కూడా అడక్కుండా పేల్చాడంటారు. నా సర్టిఫికెట్ పోద్ది. అది పోతే ఏ క్వారీలో నన్ను పేలుడు మందు ముట్టుకోనిస్తారు సార్?"

"శుక్రవారమే విచారణ. గీతాంజలిగారూ, ఈలోపు ప్లాను నా చేతిలో ఉండాలి. లేదంటారా, విజయవాడలో ఇంకో కంపెనీ వాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు."

"బెదిరిస్తున్నారా?"

"బెదిరింపేముందమ్మా. ఈ పని కావాలా, వద్దా?"

"కావాలండి."

"అమ్మా! మీరు కూడానా?"

"ఒక్క నిమిషం, ప్రేమానందంగారూ. సార్, మీరు చెప్పండి, నేను రాస్తా. పాత ఫోన్లు... గేటు, లారీలు తూచే కాటా, మీ గది, క్రషరు..."

"స్టోరు, వర్క్‌షాపు, డీజిల్ బంకు. మిగతావి మీ దగ్గరున్నాయిగా."

"ఉన్నాయి. క్వారీ అడుగు?"

"అదీ కలపండి. పదమూడు."

"పదమూడూ ఏలీయాకి దెబ్బ తగిలిన రోజున పనిచేస్తున్నాయని రాయాలా?"

"రాయండి. జూన్ పద్నాలుగని తేదీ కూడా వేయండి."

"అన్నీ ఒకే ఎక్స్‌ఛేంజ్ మీద, ఒకేసారి?"

"ఎన్నిసార్లమ్మా? అవును, అవును!"

"అయితే ఇక్కడ మీ సంతకం. మూడు కాపీల మీదా."

"ఇదిగో, ఇదిగో... ఇది కూడా. ఒకటి హెడ్డాఫీసుకి, ఒకటి విచారణ చేసే ఆయనకి ఇప్పుడే పంపించేస్తా. మూడోది మీరుంచుకోండి. ప్రేమానందం, మేడమ్‌గారికి టీ చెప్పు."

"కాపీలు పంపడానికి వెళ్లిపోయారా మేనేజరుగారు?"

"వెళ్లారు. టీ చెప్పమంటారా? చక్కెర ఎక్కువేయిస్తాలే, పని దొరికిందిగా మీకు!"

"ఈ కాపీ తీసుకోండి. మడిచి లోపలి జేబులో పెట్టుకోండి."

"నా ఉరితాడు నేనే మోసుకెళ్లాలా?"

"పెట్టుకోండంటున్నానా!"

"పెట్టుకున్నా. చాలా?"

"చాలు. ఇప్పుడు మీ వెనక గోడకున్న ఆ పాత ఎక్స్‌ఛేంజ్ పెట్టె చూడండి. అది పన్నెండు లైన్లదే, పదమూడో ఫోను తగిలించడానికి దాంట్లో చోటే లేదు."