మూడో తొట్టి నీళ్లు

1987 ఎండాకాలం. కారేపల్లి దగ్గరి ఒక తండా. కూరగాయల మడికి నీళ్లు పారిస్తున్న హేమ్లి దగ్గరికి ఆమె భర్త హాతీరాం, తను పనిచేసే ఉప్పుడు బియ్యం మిల్లు నుంచి ఉరికొచ్చాడు.

“తూము మూయి హేమ్లి. జల్దీ.”

“ఇప్పుడే గదా తీసిన. ఇంకా సగం మడి తడువలే.”

“మూయమంటున్న గదా. నీళ్లల్ల చెయ్యి పెట్టకు. పారతోని మూయి.”

“మూస్తున్న, ఆగు. గట్ల రొప్పుతున్నవేంది?”

“ఉరికొచ్చిన గదా. పొద్దుగాల నుంచి ఈ నీళ్లు ఎవరెవరు పట్టుకపోయిండ్రు?”

“కొత్తగ అడుగుతున్నవ్. మూడేండ్ల నుంచి ఇవే నీళ్లాయె. వడ్లు ఉడికిచ్చిన నీళ్లను మీరే తొట్లల్ల తేరబెట్టి, సున్నమేసి ఇడుస్తున్నరు. మూడో తొట్టికొచ్చేసరికి అద్దమోలె ఉంటయని నువ్వే అంటివి.”

“అన్న. నేనే అన్న. ఎవరు పట్టుకపోయిండ్రో చెప్పు.”

“ద్వాలి రెండు బిందెలు తీసుకపోయింది. బాయి ఎండిపాయె, వంటకు గూడ ఇవే అన్నది. బద్యా వాళ్ల బర్రె తాగింది.”

“బర్రె ఎట్లున్నది?”

“నాకేమెరుక? తాగి పోయింది. ఏం కలిసినయ్ నీళ్లల్ల? చెప్పరాదు.”

“నిన్న బాయిలర్ కడిగిండ్రట. పైపులల్ల పట్టిన చిలుము పోనీకె మందు పోస్తరు. ఆ నీళ్లు బయటి గుంతల పొయ్యాలె. మూడో తొట్టిలకు ఇడిచిండ్రు. బాయిలర్ కాడి మొండయ్య ఇందాకనే చెప్పిండు.”

“ఏం జేస్తది ఆ మందు?”

“పేగులు కాలుస్తదట.”

“ఓయమ్మ. ద్వాలి ఇంట్ల చంటిపిల్ల ఉన్నది.”

“అందుకే అంటున్న. తండాకు ఉరుకు. ఎవ్వరూ తాగొద్దని చెప్పు. బిందెలు పారబోయించు.”

“నువ్వు పో. నేను చెప్తే నవ్వుతరు. నీ మాటైతే ఇంటరు.”

“నా మాట ఇనే గదా ఈ నీళ్లు పట్టుకున్నరు.”

“గదేం మాట? పో, నువ్వే పో.”

“నాతోని కాదు.”

“ఎందుకు కాదు? ఇంత దూరం ఉరికొచ్చినవ్ గదా.”

“పొద్దుగాల ఆఫీసర్లు వచ్చిండ్రు, నీళ్లు మంచియా కాదా చూడనీకె. సేటు నన్ను పిలిచి తాగి చూపియ్యమన్నడు. మూడో తొట్టిల గ్లాసు ముంచి అందరి ముంగట తాగిన.”

“నువ్వు తాగినవా?”

“సగం.”

“నా దిక్కు చూడు. కడుపుల నొస్తున్నదా?”

“గొంతు మండుతున్నది. గది ఇడిసిపెట్టు.”

“పా, దవాఖానాకు పోదాం. మిల్లు జీపు అడుగుదాం.”

“జీపు లేదు. కొత్తగూడెం పోయింది.”

“ఎప్పుడొస్తది?”

“నువ్వు ముందు తండాకు పో.”

“నిన్ను ఇట్ల ఇడిసి నేను పోను. లాలి వస్తే దాన్ని పంపుత. నీకు మిల్లుకు సద్ది తెచ్చిన పిల్ల ఇంకా రాలేదేంది? యాడున్నది?”

“హేమ్లి...”

“బిడ్డ యాడున్నది?”

“గ్లాసుల సగం మిగిలె. నేను ఆఫీసర్ల దిక్కు తిరిగి మాట్లాడుతున్న. నాయిన తాగిండు గదా అని...”

“తాగిందా?”

“మొండయ్య జీపుల ఏసుకొని దవాఖానాకు తీసుకపోయిండు.”

“బిడ్డను పరాయోని చేతుల పెట్టి నువ్వు ఇటొచ్చినవా?”

“బిడ్డ పక్కన మొండయ్యన్న ఉన్నడు హేమ్లి. తండాకు చెప్పెటోడు ఎవ్వడూ లేకుండె.”