జరగని పేరు

లంబాడీల సీత్లా పండుగ సాయంత్రం. ఖమ్మం, భద్రాచలం నడుమ అడవి అంచున ఒక తండా. తండా పెద్ద నాయక్ బిచ్యా అన్నం తింటున్నాడు. భార్య గోరి వడ్డిస్తోంది. ఖమ్మంలోని ఖానాపురం హవేలి నుంచి వచ్చిన మేనల్లుడు శ్రీధర్ ఫోను పట్టుకుని గడపలో నిలబడ్డాడు.

"అదే చెప్తున్న మామా. పండుగ యాట పోగులకు నేను చేసిన ఆ యాప్‌ల చిన్న పొరపాటు..."

"పొరపాటేముంది అల్లుడా, మంచిగనే చేసినవ్. పొద్దున్నుంచి చూస్తనే ఉన్న. ఏలుతోని ఎంత తోసినా నా పేరు జరగదు. కింద అందరు పోతున్నరు, వస్తున్నరు. నేను మాత్రం పైన్నే."

"గందుకే మామా..."

"పని షురువైనంక నన్ను యాడ పెట్టినవ్? అందరి కింద. జంపక్క కింద. నడుం వంగిన ముసల్ది, దాని కింద నాయక్."

"నేను పెట్టలే మామా. గుడి బాట పనికి ఎవరొస్తే వాళ్ళ ఇల్లు పైకి పోతది. లిస్టు ఆ హాజరుకు ముడేసి ఉంటది. హాజరు పడంగనే పేరు దానంతట అదే కదులుతది. జంపక్క రోజూ వచ్చింది, చాతనైనంత గడ్డి పీకింది."

"నేను గడ్డి పీకాల్నా?"

"పీకితే చేతులేం అరగవు."

"నిన్నడగలే గోరీ. నువ్వు పులుసు పొయ్యి."

"నేను చెప్పేది ఇను మామా. పేరు జరగొద్దన్నవని దాన్ని హెడ్డింగ్ చేసిన. హెడ్డింగ్ జరగదు."

"అవ్. నాయక్ అంటే గదే."

"అప్పుడు ఇంకో మాట గూడ అన్నవ్. యాదికుందా?"

"ఏందది?"

"పైన నాయక్ అని ఉంది, కింద మళ్ల బిచ్యా అని ఉంది, తండాల ఇద్దరు బిచ్యాలున్నరా, ఆ కిందోన్ని తీసెయ్ అన్నవ్."

"అన్న. తప్పేముంది?"

"తీసేసిన."

"ఇగ ఐపాయె. గోరీ, ఇంకో ముక్క వెయ్. గా బొక్క ముక్క."

"ఉన్నది గంతే."

"గంతే ఏంది? నాయక్ పోగు. కార్జం ఏది? తొడ ఏది? పోయినేడు గూడ గిట్లనే సగం గిన్నెతోని సరిపెట్టినవ్."

"ఉడికితే దగ్గర పడతది. తిను."

"మామా, యాటలు కోసినంక, పంచేటోడు దేవ్లా ఇంటికొక పోగు పెట్టిండు గదా. చూసినవా?"

"చూడకేం. గద్దె మీదనే కూసున్న. ఫోను చూసి ఒక్కొక్క పేరు పిలిచె, మోదుగాకు మీద పోగు పెట్టె. పైనున్న పేర్లు అయిపోతుంటే కిందివి పైకి వచ్చుడు. లొల్లి లేదు, ఎచ్చు తక్కువ లేదు. మంచిగున్నది నీ యాప్."

"ముందు ఎవరిని పిలిచిండు?"

"కోటేష్‌ని."

"నిన్నెప్పుడు పిలిచిండు?"

"నన్ను పిలుస్తడా? నాయక్‌ని పేరు పెట్టి పిలిచేటోడు ఈ తండాల పుట్టిండా? నా పోగు ఇంటికే వస్తది. మా నాయన కాలం నుంచి గంతే."

"ఈ ఏడు ఎవరు తెచ్చిర్రు?"

"ఎవరో తెచ్చిర్రు. నేను చూస్తనా? గోరీ, ఎవరు తెచ్చిర్రు?"

"తిను ముందు."

"మామా... హెడ్డింగ్‌కు పోగు ఉండదు."

"ఏంది?"

"పైన పేరు ఉంది గని, ఆ పేరుకు ఇల్లు లేదు. ఇల్లు కింద లిస్టుల ఉండె. నువ్వు తీసెయ్‌మన్నవ్. లిస్టుల ఎన్ని ఇండ్లుంటే దేవ్లా గన్నే పోగులు పెట్టిండు. మనింటికి పెట్టలే."

"నాయక్ ఇంటికి?"

"అవ్."

"తండా అంతా కూసొని చూస్తుంటే?"

"అవ్ మామా."

"పోగు పడని ఇల్లంటే ఏందో ఎరికేనా నీకు? కిరాయి ఇండ్లల్ల ఉండేటోనికి ఏం ఎరుక. పోగు పడలేదంటే ఆ ఇల్లు వెలి. నిప్పియ్యరు, నీళ్ళియ్యరు. పెండ్లికి పిలవరు, సావుకు రారు."

"ఎరికే మామా. పోయినేడు కోటేష్‌ను నువ్వు గట్లనే..."

"వాని ముచ్చట వేరు. వాడు పనికి రాలే."

"వాని పెండ్లాం దవాఖానల ఉండె."

"ఉంటే కబురు పెట్టాలె గోరీ. రివాజు రివాజే."

"పెట్టిండు. నాతోనే పెట్టిండు. నీకు చెప్పిన."

"చెప్తే చెప్పినవ్. ఇప్పుడదెందుకు? నాకు గిది చెప్పు అల్లుడా. గంత మంది ఉన్నరు. ఒక్కడు గూడ నాయక్ పోగు ఏదని అడగలేదా?"

"దేవ్లా అడిగిండు."

"ఎవర్ని?"

"నిన్నే. పోగులు లేపే ముందు అడగాలె గదా రివాజు ప్రకారం. 'నాయక్, ఎవరన్న మిగిలినరా' అన్నడు. నువ్వేమన్నవ్?"

"ఎవ్వరు మిగల్లే, అందరికి అందింది అన్న."

"మళ్ల అడిగిండు. నీ దిక్కే చూసి అడిగిండు."

"అవ్. చెవుడా నీకు, ఒక్కసారి చెప్తే ఇనవడదా అన్న."

"నాయక్ నోట మాట పడినంక ఇగ ఎవరేమంటరు? లేపిర్రు."

"నవ్విర్రా?"

"నవ్వలే. నవ్వినా బాగుండు."

"సరే. ఇప్పుడే నన్ను లిస్టుల ఎయ్యి. కిందనే ఎయ్యి. జంపక్క కింద ఎయ్యి, పర్వాలే."

"నేను ఎయ్యలేను. వెలి పడ్డ ఇల్లు లిస్టుల కలవాలంటే పెద్దింటోడు ఒప్పుకొని నొక్కాలె. ఆ రూలు నువ్వే పెట్టించినవ్, కోటేష్ అర్జీ పెట్టుకున్ననాడు. అప్పటికి ఈ ఏటి హాజరు పడలే, నీ ఇల్లే మొదట ఉండె, నెల రోజులు తిప్పి తిప్పి నొక్కినవ్."

"మరి నేనే పెద్దింటోన్ని. తే, నొక్కుత."

"నీ ఇల్లే లిస్టుల లేదు మామా. నువ్వెన్ని సార్లు నొక్కినా అది పలకదు. యాప్‌కు పెద్దింటోడంటే లిస్టుల మొదటి ఇల్లోడు. వాడే నొక్కాలె."

"మొదటి ఇల్లు ఎవనిది?"

"ఇందాక నువ్వే చెప్తివి. ఈ ఏడు పనికి ఒక్క నాడు తప్పలే వాడు."

"కోటేష్‌గాడా."

"అవ్."

"వాని గడపకు నేను పోవాల్నా? వానింటి మెతుకు ముడితే నేను నాయక్‌నే కాదు అన్న పోయినేడు. అందరి ముందట అన్న. ఆ నోటితోని ఎట్ల పోయి అడగాలె?"

"అడిగితే అడుగు, లేకుంటే లేదు. ముందు పళ్ళెంల ఉన్నది తిను. చల్లారుతది."

"ఇందాకట్నుంచి తిను తిను అంటున్నవ్. ఆగు గోరీ. మనకు పోగే పడలేదంటున్నడు వీడు. మరి నేను తింటున్నది ఏంది?"

"యాట కూర."

"గదే, యాడిది ఈ కూర?"

"కోటేష్ పోగుల సగం. పోయినేడు నీ పోగుల సగం నేను వానింటికి పంపిన, గందుకు."